తోట ఇచ్చిన రాజు

మైకు సరిగ్గా పలుకుతోందో లేదో చూడడానికి శ్రీకాకుళంలో మైక్‌సెట్ల వాళ్లంతా ‘హలో, వన్, టూ, త్రీ’ అని అరిచి ఊరుకుంటారు. కాజిం హుస్సేన్ కూడా పెళ్లిళ్లలో, రాజకీయ సభల్లో అలాగే అరుస్తాడు. కానీ మొహర్రం నెల పొడిచిన నాటి నుంచి రోజూ, పీర్లచావిడిలో తీగలన్నీ బిగించాక, మైకు నోటి దగ్గరకు తెచ్చుకుని, వాళ్ల నాన్న నేర్పిన సలాం పాటలోంచి ఒకే ఒక్క చరణం అందుకునేవాడు. వీధిలో వంకాయలు బేరమాడుతున్న ఆడవాళ్లు ఆ కాసేపూ బేరం ఆపేసేవారు. చరణం అవగానే మైకు మింబరు మీద పెట్టేసి, వెళ్లి గుమ్మం పక్కన, అందరూ చెప్పులు విడిచే చోట, తన యాంప్లిఫయర్ ముందు చతికిలబడేవాడు.

ఆ తర్వాత మింబరు ఎక్కేది అతని బావ మీర్ బాకర్ అలీ. మింబరంటే నల్లగుడ్డ కప్పిన మెట్ల పీట. మొహర్రం పది రోజులూ దానిమీద కూర్చుని, ప్రవక్త మనవడు హుసేన్ కర్బలాలో దాహంతో ప్రాణాలొదిలిన కథ చెప్పి జనాన్ని ఏడిపించేవాడే జాకిర్. బాకర్ అలీకి గోనెసంచుల కొట్టు ఉంది, అరవై దాటిన వయసుంది, తెల్లటి గడ్డముంది. మాటకారి. కథ చెబుతుంటే షియాలే కాదు, వీధిలో ఉన్న హిందువులు, చర్చికెళ్లే వాళ్లు కూడా వచ్చి కూర్చుంటారు. అందుకే ఆయన ఉర్దూ మానేసి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్లలో ఎవరి మజ్లిస్సూ, అంటే ఆ కథ చెప్పే సభ, ఇంత నిండుగా జరగలేదని ఊరంతా అంటుంది. ఆ మాట ఎవరైనా అంటే బాకర్ అలీ వినిపించుకోనట్టే ఉండి మొత్తం వింటాడు.

ఊళ్లో షియా ఇళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గోల్కొండ నవాబుల కాలంలో, ఈ ఊరు చికాకోలుగా ఉన్నప్పుడు, ఫౌజుదారు కొలువుకు వచ్చినవాళ్లమని చెప్పుకుంటారు. కాగితాలు ఎవరి దగ్గరా లేవు గానీ ఆ దర్జా మాత్రం ఇంకా పోలేదు. వాళ్లలో మింబరు ఎప్పుడూ పెద్దకొడుకు వంశానిదే. ఆ లెక్కన అది కాజిం తండ్రి జాఫర్ హుస్సేన్‌కి రావాలి. వచ్చింది కూడా. కానీ తమ్ముడు తఖీ అలీ, అంటే బాకర్ తండ్రి, అన్నగారు చావిడిలోని పీరుకున్న వెండి పంజా కరిగించి అమ్ముకున్నాడని గోల పెట్టి, నలుగురినీ కూడగట్టి, ఆయన్ని మింబరు దించేశాడు. పాతపట్నం దగ్గరున్న జీడితోట కూడా, పంజాకి బదులనే పేరుతో, తన కిందకు తెచ్చుకున్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. తఖీ అలీ ప్రతి మజ్లిస్ చివర్లో దువా చేస్తూ, “అమానతు తిన్నవాడి ఇంట దీపం వెలగకుండు గాక” అనేవాడు. అమానతంటే నమ్మి అప్పగించిన సొత్తు. పేరు చెప్పేవాడు కాదు. పేరు చెప్పాల్సిన అవసరమే లేదు. అందరూ ‘ఆమీన్’ అనేవారు. వెనక వరసలో తండ్రి ఒళ్లో కూర్చున్న పసివాడు కాజిం కూడా, అందరూ అంటున్నారు కదా అని, ఆమీన్ అనేవాడు. జాఫర్ హుస్సేన్ ఒక్కడే ఏమీ అనకుండా తల వంచుకునేవాడు. ఆ తలవంపులోనే పోయాడు.

తఖీ అలీ పోయి బాకర్ మింబరెక్కిన మొదటి ఏడాది, దువా దగ్గరకొచ్చేసరికి చావిడి అంతా ఊపిరి బిగబట్టింది. బాకర్ ఆ ముక్క అనలేదు. దాని బదులు, “మా పెదనాన్న జాఫర్ హుస్సేన్ ఆత్మకు ఫాతిహా చదవండి” అన్నాడు. ముసలివాళ్లు గొల్లుమన్నారు. అదే ఏడాది జీడితోట కాజింకి రాసిచ్చేశాడు. తర్వాత తన చెల్లెల్ని అతనికిచ్చి నిఖా చేశాడు; వాళ్లలో అన్నదమ్ముల పిల్లల మధ్య పెళ్లి మామూలే. అన్నీ ఇచ్చాడు. మింబరు మాత్రం ఇవ్వలేదు.

ఇవ్వకూడదని కాదు. వచ్చే ఏడాది ఇద్దామనుకున్నాడు. ఆ వచ్చే ఏడాది ప్రతి ఏడాదీ వచ్చింది. ఒక ఏడు జనం బాగా పెరుగుతున్నారని, ఒక ఏడు కాజింకి తెలుగులో చెప్పడం అలవాటు లేదని, ఒక ఏడు బందరు నుంచి పెద్దలు వస్తున్నారని. ఇవి కారణాలేనా అంటే కారణాలే. ఈలోగా చెల్లెలు పోయింది, కాజిం జుట్టు నెరిసింది.

ఆ రోజుల్లోనే బాకర్ అలీకి ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ కథ మీద ప్రేమ పుట్టింది. దమస్కులో ఏలిన రాజు. ఇమామ్ హుసేన్‌ను కర్బలాలో చంపించిన వంశం వాడే. కానీ ఆ వంశం వాళ్లంతా మసీదుల్లో మింబర్ల మీద నుంచి హుసేన్ తండ్రి హజ్రత్ అలీని తిట్టిస్తూ వస్తే, ఇతను గద్దెనెక్కి ఆ తిట్టు మాన్పించాడు. ప్రవక్త బిడ్డ ఫాతిమా చేతిలోంచి పోయిన ఫదక్ తోటను ఆమె వారసులకు తిరిగి ఇచ్చేశాడు. బాకర్ అలీకి ఈ కథంటే ఎందుకంత ఇష్టమో ఊళ్లో అందరికీ తెలుసు. ఆయన మాత్రం అది చరిత్ర మీద మక్కువ అనుకునేవాడు.

షియాల్లో ఆ రాజు సంగతి ఇప్పటికీ తెగలేదు. శత్రువుల ఇంట పుట్టిన మంచివాడని మెచ్చుకునేవాళ్లున్నారు. ఎంత మంచివాడైతేనేం, ఇమాముకి, అంటే హుసేన్ వంశపు వారసుడికి, చెందిన చోట కూర్చున్నాడు కదా అనేవాళ్లున్నారు. ఆ రాజు గద్దె ఎక్కకముందే అప్పటి ఇమాము అతన్ని చూసి అన్నట్టుగా ఒక మాట కూడా చెప్పుకుంటారు: ఇతను న్యాయంగా ఏలతాడు, పోయిన రోజున భూమ్మీద వాళ్లు ఇతని కోసం ఏడుస్తారు, ఆకాశంలో వాళ్లు శపిస్తారు, ఎందుకంటే కూర్చున్న చోటు ఇతనిది కాదు. బాకర్ అలీ ఈ మాట ఎత్తుకుని, భూమ్మీద వాళ్లు ఏడుస్తారు అనే దాకా వచ్చి, అక్కడ తానూ కళ్లు తుడుచుకుని, వేరే సంగతిలోకి వెళ్లిపోయేవాడు. మజ్లిస్ అయ్యాక కాజిం మోచేతికీ అరచేతికీ మధ్య మైకు తీగ చుట్టుకుంటూ, “బాగా సెప్పినావు బావా” అనేవాడు. ప్రతిసారీ అదే మాట. ఎగతాళి ఉండేది కాదు. ఉంటే బాకర్ అలీకి ఎంత సుఖంగా ఉండేదో.

ఈ ఏడు మొహర్రం ఏడోనాడు, కాజిం కూతురు కుల్సుం గోనెసంచుల కొట్టుకొచ్చింది. శృంగవరపుకోటలో టీచరు. మొహర్రానికి సెలవు పెట్టి వచ్చింది.

“నిలబడిపోనావేటమ్మా, కూకో,” అన్నాడు బాకర్ అలీ.

“కూకోడానికి రానేదు మావా. నాన్న గొంతులో గడ్డున్నాది. విశాపట్నంలో సూపించినాం. గొంతుపెట్టె తీసీయాలంటన్నారు. తీసీసినాక మరింక మాట రాదు.”

బాకర్ అలీ చేతిలో దబ్బనం కిందపెట్టాడు. “నాతో సెప్పనేదేటి ఆడు?”

“నీతో ఏటి సెప్తాడు? నిన్నెప్పుడు ఏటడిగినాడు గనక? ఈ వారమే రమ్మన్నారు డాక్టర్లు. పీర్లు ఏట్లో దిగినాకే వస్తానన్నాడు. ఈ ఏడు మైకు దగ్గర పాట కూడా ఎంత మెల్లగా పాడినాడో నువ్వు సూసినావు కదా.”

ఆయన చూడలేదు. ఆ సమయంలో తలపాగా సర్దుకుంటున్నాడు.

“తొమ్మిదోనాటి మజ్లిస్ నాన్నకి ఇయ్యి మావా. ఒక్కటే అడగతన్నాను. మా తాత దగ్గర నేర్సుకున్నదంతా ఆ గొంతులోనే ఉండిపోనాది. అది పోకముందు ఒక్కపాలి నలుగురూ వినాల.”

“ఇయ్యడమేటే పిచ్చిపిల్లా,” అన్నాడు బాకర్ అలీ. “అది మీదే. తొమ్మిదోనాడు మీ నాన్నే సెప్తాడు. నాను కింద కూకొని వింటాను.”

ఆ మాట ఆయన నిజంగానే అన్నాడు. ఆ రెండు రోజులూ ఆయన మనసు ఎంత తేలికపడిందంటే, కొట్లో కుర్రాళ్లను ఒక్కసారి కూడా కసరలేదు.

తొమ్మిదోనాడు మధ్యాహ్నానికే చావిడి నిండిపోయింది. కాజిం తన తండ్రి నాటి నల్ల షేర్వాణీ తొడుక్కొచ్చాడు. భుజాల దగ్గర వదులుగా వేలాడుతోంది. ఆ రోజు మైకు పరీక్షకి పాట పాడలేదు, గొంతు దాచుకుందామని వేలితో టకటకా కొట్టి ఊరుకున్నాడు. మింబరు దగ్గర ముందు వరసలో కూర్చోమని బాకర్ అలీ పిలిస్తే, “యాంప్లిఫయర్ సూసుకోవాల కదా. నువ్వు పిలిస్తే లేస్తాను బావా,” అని గుమ్మం దగ్గరే కూర్చున్నాడు.

పిలవడానికి ముందు రెండు ముక్కలు చెప్పాలి కదా. ఇన్నేళ్ల తర్వాత మింబరు చేతులు మారుతుంటే ఊరికే లేచి రమ్మంటే ఏం బాగుంటుంది? బాకర్ అలీ మింబరెక్కి ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ కథ ఎత్తుకున్నాడు. ఆలోచన మంచిదే. ఆ రాజు తోట ఇచ్చిన చోటు దాకా చెప్పి, ‘ఎవరిది వాళ్లకు ఇచ్చెయ్యాలి, అందుకని ఇవాళ ఈ మింబరు’ అని ముగించి దిగిపోవాలి. ఆయన అనుకున్నది అంతే.

కానీ ఆ రోజు మాట ఎలా వచ్చిందో! తిట్టు మాన్పించిన ఘట్టం దగ్గరే జనం కళ్లు తడిశాయి. తోట తిరిగి ఇచ్చే ఘట్టంలో ముసలివాళ్లు తొడలు చరుచుకున్నారు. ఇంత రసపట్టులో వదిలేస్తే విస్తట్లోంచి లేపినట్టుంటుందనిపించింది బాకర్ అలీకి. ఫదక్ తోట నుంచి ఫాతిమా దుఃఖంలోకి వెళ్లాడు. ఫాతిమా దుఃఖం నుంచి ఆమె కొడుకు హుసేన్ దాహంలోకి వెళ్లాడు. పరదా వెనక ఆడవాళ్ల ఏడుపు మొదలైంది. తన జీవితంలో ఎన్నడూ ఇంత బాగా చెప్పలేదని, చెబుతూ ఉండగానే, ఆయనకు తెలుస్తోంది.

కాజిం సంగతి మరిచిపోయాడా అంటే మరిచిపోలేదు. మధ్యలో గుమ్మం వైపు చూశాడు. కాజిం యాంప్లిఫయర్ మీద చెయ్యి వేసుకుని ఏడుస్తున్నాడు. కాసేపయ్యాక బాకర్ అలీ గొంతు బొంగురుపోయి, మాట వెనక వరసలకు అందడం లేదు. సరిగ్గా అప్పుడే మైకు శబ్దం పెరిగింది. కాజిం పెంచాడు. ఒక్క మీట కట్టేస్తే చాలు, ఆ మజ్లిస్ అక్కడితో అయిపోయేది. అతను కట్టలేదు, పెంచాడు.

ఆ అందిన బలంతో బాకర్ అలీ ఇంకా చెప్పాడు.

బయట డప్పులు మోగాయి. పోలీసులిచ్చిన టైము అయిపోయింది, పీర్లు బయల్దేరాలి. జనం ‘యా హుసేన్’ అంటూ ఒక్కసారిగా లేచారు. బాకర్ అలీ మింబరు మీద నుంచి చెయ్యెత్తాడు. “ఆగండి, ఒక్క నిమిషం, మా బావ,” అన్నాడు. మైకులో ఆ మాట బాగానే వినిపించింది. వినేవాళ్లే లేరు.

ఆయన దిగి గుమ్మం దగ్గరకు వచ్చేసరికి కాజిం తీగ చుడుతున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“బాగా సెప్పినావు బావా,” అన్నాడు.

బాకర్ అలీకి తల కొట్టేసినట్టయింది. ఏదో అనబోయేలోపు, వీధిలో కూరలమ్మే జగ్గమ్మ చెప్పులు వెతుక్కుంటూ వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆమె ముఖం ఉబ్బిపోయి ఉంది.

“ఎంత మంచి రాజు బాబూ! తోట ఇచ్చీసినాడు, తిట్టు మాన్పించీసినాడు. మరి ఆ కుర్సీ కూడా ఆళ్లదే అంటారు కదా, అదెందుకు ఇచ్చీయనేదు?”

ఆమె ఊరికే అడిగింది. కడుపులో ఏమీ పెట్టుకుని అడిగింది కాదు. జవాబు కాజిమే చెప్పాడు.

“ఆ రాజు పాపం బేగి సచ్చిపోనాడు జగ్గమ్మా. ఏలింది రెండేళ్లు సిల్లర. ఇంకొన్నాళ్లు బతికుంటే ఇచ్చీసుండేవోడే.”

జగ్గమ్మ నిట్టూర్చి వెళ్లిపోయింది. కాజిం తీగ చుట్టను భుజానికి తగిలించుకుని పీర్ల వెనక నడిచాడు. బాకర్ అలీ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. తండ్రి తర్వాత తాను ఏలింది రెండేళ్లు కాదు. తనకు ఆయుష్షు తక్కువైందని ఎవరూ సర్దిచెప్పడానికి లేదు. పరదా పక్కకి జరిపి కుల్సుం బయటకొచ్చింది. ఆ పిల్ల ఏమైనా అంటుందేమోనని చూశాడు. ఆమె మేనమామ ముఖంలోకి కూడా చూడకుండా తండ్రి వెనకే వెళ్లిపోయింది.

పదోనాడు ఆ చావిడిలో మింబరు ఎవరూ ఎక్కరు. పీర్లను నాగావళికి తీసుకెళ్లి కడిగి, గుడ్డలో చుట్టి తెస్తారు. ఆ పని అయిన వెంటనే బాకర్ అలీ తడిబట్టలతోనే కాజిం ఇంటికి వెళ్లాడు. మింబరు లేకపోతే పోయింది, ఆ ఇంటి అరుగు మీదే కూర్చుంటాను, పాడించుకుంటాను, నేనొక్కడినైనా వింటాను అనుకుంటూ వెళ్లాడు. తాళం వేసుంది.

“పీర్లు ఏట్లో దిగ్గానే వచ్చీసి, సాయంత్రం బండికే ఎల్లిపోనారు బాబూ,” అంది పక్కింటి అరుగు మీంచి జగ్గమ్మ. “రేపు పొద్దున్నే కోస్తారట. ఎల్లేముందు ఇంట్లో ఏదో పాడినాడు. అబ్బ, ఏటి గొంతు! నాను అన్నం పొయ్యి మీదుందని సగంలో లేసి ఎల్లిపోనాను. అది మాడిపోనాది, ఇది పూర్తిగా విననేదు.”

బాకర్ అలీ ఆ అరుగు మీద చాలాసేపు కూర్చున్నాడు. జగ్గమ్మ విన్న ఆ సగం కూడా తనకు దక్కలేదని కుళ్లి కుళ్లి ఏడ్చాడు. అంతకుముందు రోజు చావిడిలో కార్చిన కన్నీళ్లకీ వీటికీ సంబంధం లేదు.

మొహర్రం తర్వాత నలభయ్యోనాడు చెహ్లుం మజ్లిస్. కాజిం వచ్చాడు. మెడకు తెల్లగుడ్డ చుట్టుకుని ఉన్నాడు. చిక్కిపోయాడు. ఎవరు వద్దన్నా వినకుండా తనే తీగలు లాగాడు, తనే బిగించాడు. మైకుని వేలితో కొట్టి చూశాడు. వీధిలో బేరాలు ఆగలేదు. అతను వెళ్లి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. ఈసారి కుల్సుం పరదా వెనక్కి వెళ్లకుండా తండ్రి పక్కనే కూర్చుంది.

బాకర్ అలీ మింబరు ఎక్కాడు. మళ్లీ ఆ రాజు కథే ఎత్తుకున్నాడు. మళ్లీనా అన్నట్టు ఇద్దరు ముగ్గురు కదిలారు.

“ఈ కథ నాను మీకు ఇన్నేళ్లూ సగమే సెప్పినాను,” అన్నాడు. “భూమ్మీద వాళ్లు ఆ రాజు కోసం ఏడుస్తారని సెప్పినాను. ఆకాశంలో వాళ్లు శపిస్తారని కూడా ఉన్నాది. అది సెప్పనేదు. ఎందుకు శపిస్తారంటే, కూర్చున్న చోటు అతనిది కాదు. తోట ఇచ్చినా కాదు, తిట్టు మాన్పించినా కాదు. ఆ రాజుకి ఆయుష్షు నేదు. నాకు ఉన్నాది. ఉండి కూడా ఇవ్వనేదు. ఈ చోటు నాది కాదు, మా పెదనాన్న కొడుకుది.”

అంతే చెప్పి దిగిపోయాడు. జనం మధ్యలో చోటు చేసుకుని నేల మీద కూర్చున్నాడు. ఎవరూ ఏడవలేదు. ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. ఖాళీ మింబరు మీద మైకు సన్నగా గీపెడుతోంది.

కాజిం లేచాడు. అందరూ దారిచ్చారు. అతను ఒక్కో అడుగూ వేస్తూ మింబరు దాకా వెళుతుంటే బాకర్ అలీ మోకాళ్ల మీద లేచి చూశాడు. మాట్లాడకపోతే మాననీ, ఎక్కి కూర్చుంటే చాలు అనుకున్నాడు. కాజిం మింబరు ఎక్కలేదు. చెయ్యి చాపి మైకు మీట కట్టేశాడు. మాట్లాడేవాడు లేనప్పుడు మైకు వేసి ఉంచకూడదు, ఏ మైక్‌సెట్టు వాడైనా చేసే పనే. తర్వాత వెనక్కి వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు.

జనం ఒక్కొక్కరే లేచి, ఫాతిహా చదువుకుని వెళ్లిపోయారు. అందరికన్నా చివర బాకర్ అలీ గుమ్మం దగ్గరకు వచ్చాడు. కాజిం ఎప్పటిలాగే మోచేతికీ అరచేతికీ మధ్య తీగ చుడుతున్నాడు. బావను చూసి చుట్టడం ఆపాడు. పెదవులు కదిపాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

బాకర్ అలీకి అర్థం కాలేదు. అర్థం కానట్టు ఉండడమే మేలనిపించింది. అయినా అడిగాడు.

“ఏటంటన్నాడమ్మా?”

మేనమామ మీద కుల్సుంకి ఇంకా కోపం తగ్గలేదు. కానీ అది తండ్రి మాట, దాచుకోవడానికి ఆమెది కాదు.

“బాగా సెప్పినావు బావా, అంటన్నాడు.”

బాకర్ అలీ తీగ చుట్ట రెండో కొస పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. ఆ మాట ఆయన ప్రతి మొహర్రంలోనూ, ప్రతి మజ్లిస్ అయ్యాకా, ఈ గుమ్మం దగ్గరే విన్నాడు. తిరిగి ఆ మాట కాజింతో అనాలని ఇప్పుడు ప్రాణం కొట్టుకుపోతోంది. అందామంటే, కాజిం చెప్పగా ఆయన ఒక్కనాడూ వినలేదు.